నంది ఎడమ చెవి

సోమవారం పొద్దున ఏడు గంటలకు, ఆళ్లగడ్డలో శిల్పి పుల్లయ్య ఇంటి వాకిట్లో, నంది ఎడమ చెవి ఊడి ఆయన టీ గ్లాసులో పడింది. టీ సగం తాగి ఉండడంతో ఒలకలేదు. నందిని ట్రాలీలోకి ఎక్కిస్తున్న ట్రాక్టర్ డ్రైవర్ డేవిడ్ గ్లాసులోకి తొంగి చూసి, "పెద్ద దెబ్బేం కాదులేన్నా" అన్నాడు.

పుల్లయ్య చెవిని బయటికి తీసి, తుడిచి జేబులో వేసుకున్నాడు. గడివేముల గుడివాళ్లు ఇక దీన్ని తీసుకోరు. విరిగి భిన్నమైన విగ్రహానికి పూజ చేయకూడదు. ముప్పై ఏళ్లుగా కొనడానికొచ్చిన ప్రతివాడికీ ఆ మాట చెప్పింది పుల్లయ్యే.

అసలే కుదురు లేని మనిషి. కూర్చుంటే మోకాలు ఆడుతుంది, నిలబడితే వేళ్లు గోడను గీకుతాయి. దానికితోడు ఆ వారమే పక్కింటి లక్ష్మీదేవి ప్రహరీ కట్టిస్తానంది. ఆమె భర్త మాధవయ్యకు నంద్యాలలో బట్టల కొట్టు. పొద్దునే బస్సెక్కి పోతాడు కాబట్టి హద్దుల వ్యవహారమంతా ఆమెదే. రెండిళ్ల మధ్య నిలబెట్టిన నాపరాళ్లు ఎప్పుడో పడిపోయాయి. హద్దు పుల్లయ్య వైపున్న కరివేపాకు చెట్టేనని ఆమె, కాదు, చెట్టుకు మూడడుగులు అవతలని పుల్లయ్య. ఆ మూడడుగులూ పోతే వెనక కొట్టంలోకి ట్రాక్టర్ పోదు. ట్రాక్టర్ పోకుంటే రాయి రాదు. రాయి రాకుంటే పుల్లయ్యకు చెక్కడానికి మిగిలేది వంటింట్లో సొరకాయలే.

రెండు రోజులు ఉలి పట్టుకుని ఊరికే తిరిగాడు. మూడో రోజు నంద్యాల పోయి గట్టి బంక తెచ్చి, అందులో రాతిపొడి కలిపి చెవిని అతికించాడు. నందిని తాను చెప్పే హద్దు మీద కూర్చోబెట్టి పసుపు కుంకుమ పెట్టాడు. దేవుణ్ణి కదిలించి పునాది తీసే మేస్త్రీ ఉండడని ఆయన ధీమా.

"విరిగిందానికి బొట్టేందయ్యా?" అంది భార్య భారతమ్మ.

"నోరు మూసుకో. గోడ మాట ఆగేదాకానే."

లక్ష్మీదేవి వచ్చి చూసింది. పుల్లయ్య వాదన సిద్ధం చేసుకుని నిలబడ్డాడు. ఆమె చెప్పులు విప్పి దండం పెట్టుకుని వెళ్లిపోయింది. తరువాతి సోమవారం పూలు తెచ్చింది. ఆ పై సోమవారం మరో ఐదుగురిని తెచ్చింది. ప్రదక్షిణకు చోటు కావాలని అందరూ కలిసి పుల్లయ్య వైపు అలికి ముగ్గు పెట్టారు. డేవిడ్ బండి ముగ్గు దగ్గరే ఆగిపోయింది.

"యాడ పోవాలన్నా?"

"పక్కనుంచి పోరా."

"పక్కన టెంకాయలు కొడతాండారు."

మూడడుగులు కాపాడుకోబోయి పుల్లయ్య దారి మొత్తం పోగొట్టుకున్నాడు. అదైనా ఓర్చుకునేవాడే. ఆడవాళ్లు ఒక్కొక్కరే వంగి, నంది చెవికి చెయ్యి అడ్డం పెట్టి కోరిక చెప్పుకుంటుంటే మాత్రం ఆయన ప్రాణం పోయి వచ్చేది. కుడి చెవి కరివేపాకు కొమ్మల్లో ఉంది. అందరికీ అందేది ఎడమదే.

లక్ష్మీదేవి గుసగుస వీధి చివరికి వినిపిస్తుంది. "సామీ, ఈ హద్దు గొడవ తీర్చు. పుల్లయ్య మంచోడే, రవ్వంత మొండి. పక్కపక్కన బతికేటోళ్లం, మాటల్లేకుండా ఎన్నాళ్లుండేది?"

ప్రతి సోమవారం అదే మాట. పుల్లయ్య లేచేవాడు, కూర్చునేవాడు, పదునైన ఉలినే మళ్లీ పదును పెట్టేవాడు.

పదకొండో సోమవారం ఆమె కంసాలిని వెంటబెట్టుకొచ్చింది. "నందికి వెండి తొడుగు చేపిస్తాండాం అప్పా. చెవులు కొలుచుకుంటాడు."

కంసాలి చెయ్యి చాపాడు. ఆ చెవి ఇంకొకరి చేతిలో ఊడితే ఆళ్లగడ్డలో పుల్లయ్య చెక్కిన దేవుణ్ణి మళ్లీ ఎవరూ నమ్మరు. ఉలి పారేసి పరుగెత్తి, ముందు తానే చెవి పట్టుకుని లాగాడు. అది ఊడొచ్చింది.

"అతికించినాను. భిన్నమైందని తెలిసే ఈడ పెట్టినా. గోడ పడకూడదని." అరచేతిలో చెవితో అలాగే నిలబడ్డాడు. టెంకాయ కొట్టబోతున్నామె చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

లక్ష్మీదేవి ఆ చెవిని తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి మళ్లీ ఆయన చేతిలోనే పెట్టింది. "రేపు సర్వేయర్ని పిలిపిస్తా. ఆయన గీసిందే గీత. సరేనా?"

"సరేనమ్మా."

నంద్యాల నుంచి వచ్చిన సర్వేయర్ టేపు పట్టి చూస్తే, హద్దు కరివేపాకు చెట్టుకు అడుగున్నర అవతల తేలింది. ఆమె చెప్పిందీ కాదు, ఈయన చెప్పిందీ కాదు. అద్దాలు మడిస్తే ట్రాక్టర్ పోతుంది. డేవిడ్ రెండుసార్లు పోనిచ్చి చూపించాడు. నంది కొట్టంలోకి చేరింది. గోడ లేవడం మొదలైంది.

గోడ నడుమెత్తుకు వచ్చిన రోజు లక్ష్మీదేవి దాని మీద చేతులానించి అడిగింది. "అంతా బాగుంది గానీ అప్పా, పదకొండు వారాలు అతుకు చెవిలో నా మొర చెప్పించినావే, న్యాయమేనా నీకు?"

పుల్లయ్య ఉలి ఆపకుండానే అన్నాడు: "గొడవ తీరిందా లేదా, అది చెప్పమ్మా."