ఖాళీ తూటా

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చిన నెల తర్వాత జోర్డాన్ వెళ్లే బస్సు ఎక్కాను. నా పక్క సీట్లో రాయచోటి వైపు పెద్దాయన ఒకరు కూర్చున్నారు. కువైట్ శివార్లలోని సులైబియాలో ఒక తోటకు కాపలా ఉండేవారట.

"ఊళ్లో నాకు లైసెన్సు తుపాకి ఉన్నింది నాయనా, అడివి పందుల కోసరం," అన్నారు. "తూటాల మీద పన్ను ఏటేటా పెంచుకుంటా పోయినారు. కొనలేక తుపాకి అమ్మేసినా. ఆ ఏడే పందులు సెనిక్కాయ పంటంతా పెరికేసినాయి. అప్పుడొచ్చినా ఈడికి."

బస్రా దాటాక ఇరాక్ సైనికులు బస్సు ఆపి సంచులు వెతికారు. ఆయన సంచిలో ఒక ఖాళీ తూటా దొరికింది.

ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. "నేను ఆఖరుసారి కాల్చింది నాయనా, గుర్తుకు పెట్టుకున్నా. నీకు అరబ్బీ వచ్చు గదా, మా ఊరిదని చెప్పు."

ఇతను నీ మనిషా అని సైనికుడు నన్ను అడిగాడు. పదేళ్లు దుకాణంలో అరబ్బీ మాట్లాడినవాణ్ని. ఆ క్షణాన నాకు వచ్చింది "లా" అన్న ఒక్క మాటే. కాదని.

ఆయన్ని దించి తీసుకెళ్లారు. గంట తర్వాత చిట్లిన పెదవితో తిరిగొచ్చి నా పక్కనే కూర్చున్నారు. చాలాసేపటికి సంచిలోంచి రొట్టె తీసి, సగం తుంచి నాకిచ్చారు.

"భయపడినావు. పోనీలే, తిను," అన్నారు.

తిన్నాను. సరిహద్దు దాకా ఆయన పక్కనే ఉన్నాను. తప్పయిందన్న మాట తెలుగులో కూడా నా నోట రాలేదు.