జామాయిల్ కూపు కింద చెలిమెలు

2016 ఫిబ్రవరిలో నన్ను నకిరేకల్ వైపు నుంచి దేవరకొండ అవతలి అటవీ రేంజికి రేంజ్ ఆఫీసర్‌గా బదిలీ చేశారు. రేంజ్ ఆఫీసర్‌కు పైన డీఎఫ్‌ఓ, కింద సెక్షన్ ఆఫీసర్లు, వాళ్ల కింద బీట్ ఆఫీసర్లు ఉంటారు. అడవిలో ఏది బాగున్నా పైవాళ్ల చలవ, ఏది చెడినా రేంజర్ నిర్లక్ష్యం. ఈ సూత్రం ఏ మాన్యువల్‌లోనూ ఉండదు గానీ అమలు మాత్రం చక్కగా జరుగుతుంది.

నేను చేరేసరికి గుట్ట మీది జామాయిల్ తోటలో నరుకుడు మొదలైంది. ఆ ఏడాది నరకడానికి హద్దులు గీసి ఇచ్చిన తోట ముక్కను మేం కూపు అంటాం. వేలంలో కూపు పాడుకున్న కాంట్రాక్టర్ చెట్లు కొట్టించి, బెరడు ఒలిపించి, కర్రను కాగితం మిల్లుకు తోలుకుంటాడు. లారీ కదలాలంటే రేంజ్ ఆఫీసు పర్మిట్ ఉండాలి. ఈ కర్రను తూకానికి అమ్ముతారు. కొట్టాక ఎండలో పడి ఉన్నకొద్దీ బరువు తగ్గుతుంది. అందుకే జామాయిల్ కాంట్రాక్టర్లంత తొందరపాటు మనుషులు నాకు మరెక్కడా తగల్లేదు.

ఆ తొందరలోనే దారి వేశారు. గుట్ట భుజం మీదుగా చుట్టూ తిరిగి రావాల్సిన లారీ దారిని, నేను రాకముందే, వాగు ఒడ్డు వెంట దించేశారు. వాగు దాటే చోట తూములు వేయకుండా దుంగలు పరిచి, ఎర్రమట్టి పోసి, కట్టలాగా తొక్కించారు. ఎండాకాలం వాగులో నీళ్లెక్కడివని వాళ్ల ధీమా. పైన పారే నీళ్లు లేని మాట నిజమే. ఇసుక కింద ఉన్నాయి.

గుట్ట కింద ఒక వాడ ఉంది. ఎక్కువగా క్రైస్తవ కుటుంబాలు, కూలి పనులు చేసుకునేవాళ్లు. అక్కడి బోరు నీళ్లలో ఫ్లోరైడ్. అది మనిషిని ఏం చేస్తుందో ఆ దిక్కున ఎవరికీ వివరించనక్కర్లేదు, నడుము వంగిపోయిన పెద్దవాళ్లు ఇంటింటా కనిపిస్తారు. బోరు నీళ్లు బట్టలకూ గొడ్లకూ వాడి, తాగడానికి మాత్రం వాగు ఇసుకలో తవ్వుకున్న చెలిమెల నీళ్లు తెచ్చుకునేవారు. ఇంటికో చెలిమె. ఒకరి చెలిమెకు ఎగువన మరొకరు తవ్వకూడదని కట్టుబాటు. మొదటి ఊట తోడి పారబోసి, మళ్లీ ఊరిన తేట నీళ్లను గిన్నెతో బిందెలోకి ఎత్తుకుంటారు.

మార్చిలో ఒక సాయంత్రం అకాల వాన దంచి కొట్టింది. మర్నాడు పొద్దున్నే బీట్ ఆఫీసర్ రహీం ఫోన్ చేసి, చెలిమెలు పాడయ్యాయని, వాడంతా వాగులోనే ఉందని, జర తొందరగా రమ్మని చెప్పాడు. వెళ్లి చూస్తే దారి మట్టి కొట్టుకొచ్చి ఇసుక మీద అలుకు పూసినట్టు పరుచుకుని ఉంది. కట్టకు ఎగువన బెరడు కుప్పలు నాని, మడుగు డికాషన్ రంగుకు తిరిగింది. ఆ నీళ్లే కిందికి దిగి చెలిమెల్లో చేరాయి.

బెరడు వాగులో వేసింది ఎవరని విచారిస్తే, ఆ వాడ ఆడవాళ్లే. పచ్చి మీద సులువుగా ఊడే బెరడు ఆరితే కర్రను పట్టుకుని వదలదు. అందుకని చల్లగా ఉంటుందని దుంగలను వాగులోకి దొర్లించుకుని, నీడన కూర్చుని ఒలిచారు. తాము తాగే చెలిమెలు కట్టకు దిగువన కదా, అక్కడిదాకా ఏం వస్తుందిలే అనుకున్నారట. అడ్డుకట్టను నమ్మి ఆ పని చేశారు. వద్దని చెప్పాల్సిన కాంట్రాక్టర్ మేస్త్రీ చూసీ చూడనట్టు వదిలేశాడు.

నాకు ఒళ్లు మండింది. ఆ రోజే పర్మిట్లు ఆపేశాను. దారి మార్చి, కట్ట తీసి, బెరడు ఎత్తేదాకా ఒక్క లారీ కదలదని కాంట్రాక్టర్‌కు చెప్పాను. వాడకు ట్యాంకర్ పంపిస్తానన్నాడు. ఆ ట్యాంకర్‌ను ఏ బోరు దగ్గర నింపుతావని అడిగాను. సాయంత్రానికి పైనుంచి ఫోన్, కాస్త సర్దుకుపొమ్మని. రాతపూర్వకంగా పంపితే తప్పక సర్దుకుంటానని మర్యాదగానే జవాబిచ్చాను. రాత ఏదీ రాలేదు. చాలా బాగా పని చేశానని నాకు నేనే మురిసిపోయాను.

ఆ మురిపెం ఎంతో కాలం నిలవలేదు. ఎలిశమ్మ అనే ఆమె ఆఫీసుకు వచ్చింది. బెరడు ఒలిచే ముఠాకు ఆమే పెద్ద. కట్టకు అందరికంటే దగ్గరగా ఉన్న చెలిమె కూడా ఆమెదే. నన్ను మెచ్చుకోవడానికి వచ్చిందనుకున్నాను. పని ఆగి వాడంతా ఖాళీగా కూర్చుందని, పర్మిట్లు ఇవ్వమని అడిగింది. మీకోసం ఆపితే మీరే వచ్చి ఇలా అంటారేమిటి, మీకు నీళ్లు కావాలా కూలి కావాలా అని కాస్త గట్టిగానే అన్నాను. ఆమె గొంతు పెంచలేదు.

"గట్ల అడగకుండ్రి సారు. నీళ్లు చెడితె పిల్లల నడుములు వంగుతయి. కూలి ఆగితె పొయ్యి ఎలగది. రెండిట్ల ఒకటి ఏరుకొమ్మంటె మేమెట్ల ఏరుకుంటం? రెండు జూసుడు మీ నౌకరి కాదా?"

ఆమె వెళ్లాక చాలాసేపు నా మీద నాకే చిరాకు వేసింది. పర్మిట్లు ఆపినంత మాత్రాన వాగులోని మట్టి దానంతటది లేచి పోదు కదా.

కాంట్రాక్టర్‌ను మళ్లీ పిలిపించాను. బెరడు ఎత్తడం, కట్ట తీయడం, దారిని గుట్ట భుజం మీదికి మళ్లించడం కూపు పనిలో భాగమే. అది ఆ వాడ కూలీలతోనే, ఒలుపు రేటుకే జరగాలి. వాగు ఎంత మేర శుభ్రమైతే అంత మేరకు లారీలు వదులుతాను అన్నాను. ఒప్పుకున్నాడు. ఒప్పించింది నా వాదన కాదు, ఎండలో తేలికవుతున్న కర్ర. జేసీబీ దించుతానంటే మాత్రం నేను కుదరదన్నాను. యంత్రం మట్టితో పాటు ఇసుకనూ ఎత్తుకుపోతుంది, ఇసుక లేకపోతే చెలిమే లేదు. పారలతో మట్టి పొరను గీకి, తట్టలతో ఒడ్డుకు మోశారు. రహీం దగ్గరుండి చేయించాడు. కూపు ఆలస్యంగానైనా పూర్తయింది.

వానాకాలపు వరదలు వచ్చి పోయాక దిగువ చెలిమెల్లో తేట నీళ్లు ఊరాయి. ఎలిశమ్మ చెలిమె ఊరలేదు. లారీలు తొక్కీ తొక్కీ మట్టి ఇసుక లోపలికి దిగి, అక్కడ అడుగు గట్టిపడిపోయింది. ఎంత తవ్వినా బురదే వచ్చింది. వేరే చోట తవ్వుకుందామంటే, ఇసుక ఉన్నంత మేరా ఎవరిదో ఒకరి చెలిమెకు ఎగువే, కట్టుబాటు అడ్డం. తన చెల్లెలి చెలిమె దగ్గర, వాళ్ల బిందెలు నిండేదాకా పక్కన కూర్చుని, తర్వాత తోడుకునేది. ఆ రేంజి వదిలేదాకా ఆమెను అలాగే చూశాను. చూసిన ప్రతిసారీ బాధేసేది.

ఆ తర్వాత పనిచేసిన చోట్ల, నరకబోయే చెట్లకు నంబర్లు వేయించే ముందే చెలిమెలకూ ఊటలకూ చుట్టూ సున్నంతో గుర్తులు పెట్టించేవాణ్ణి. అటు లారీ పోకూడదు, అక్కడ కర్ర ఒలవకూడదు. కాంట్రాక్టర్లు విసుక్కునేవారు, పడ్డాను. కొట్టేసిన జామాయిల్ మోడు నుంచి మళ్లీ చిగురు వేసి కొన్నేళ్లకు ఇంకో కోతకు వస్తుంది. మా ప్రణాళికలన్నీ ఆ భరోసా మీదే రాసుకుంటాం. మాలో చాలామంది ఆ భరోసాను వాగుకు కూడా వర్తింపజేశాం. వాగుకు ఆ గుణం లేదు.