భానుమూర్తి గారి రాజీనామాలు

డాక్టర్ భానుమూర్తి గారు రోజుకోసారైనా ఉద్యోగానికి రాజీనామా చేయకుండా ఇంటికి వెళ్లేవారు కాదు. నోటితోనే లెండి. ఎల్బీనగర్‌లోని ఒక సర్కారు దవాఖానలో మత్తు డాక్టరు ఆయన. టీలో చక్కెర ఎక్కువైందా, రాజీనామా. లిఫ్టు ఆగిందా, రాజీనామా. దిల్‌సుఖ్‌నగర్ సిగ్నల్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా రాజీనామా దవాఖానకే.

ఆయన కింద మత్తు డాక్టరుగా కొత్తగా చేరిన రూబీ హడలిపోయింది.

"సార్ నిజంగనే పోతరా?" అని నర్సు తిరుపతమ్మను అడిగింది.

"నేనొచ్చిన కాణ్నుంచి పోతనే ఉన్నడు. మీరు కానియ్యుండ్రి మేడమ్," అంది తిరుపతమ్మ.

రూబీ తల్లి సారమ్మకు ఆ దవాఖానలోనే డయాలసిస్. చైతన్యపురిలో కిరాయి ఇంట్లో తల్లీకూతుళ్లిద్దరే ఉండేవారు. సారమ్మ డయాలసిస్ మంచమెక్కగానే భానుమూర్తి గారు పక్కన స్టూలు వేసుకునేవారు.

"మీరే చెప్పండమ్మా, ఇది మనిషి చేసే ఉద్యోగమేనా? రేపటి నుంచి నేను రాను!"

అంత నొప్పిలోనూ సారమ్మ నవ్వేది.

ఇంతలో వైద్య విశ్వవిద్యాలయం జిల్లా ఆసుపత్రులను తనలో కలుపుకోవడం మొదలుపెట్టింది. అక్కడా మెడికోలు చదువుతారు, అక్కడా పెద్ద ఆపరేషన్లు జరుగుతాయి. మంచి మాటే. కాకపోతే డాక్టర్లు ఇక్కణ్నుంచే కదలాలి. అడవి అంచున ఉన్న ఒక ఆసుపత్రికి మత్తు డాక్టరు కావాలన్నారు. అక్కడ డయాలసిస్ ఇంకా రాలేదు. తనను పంపితే అమ్మ గతేమిటని రూబీకి దిగులు పట్టుకుంది.

ఆర్డరు భానుమూర్తి గారి పేరు మీద వచ్చింది.

ఇక అసలు రాజీనామా చూడొచ్చని అందరూ ఎదురుచూశారు. ఆయన కిక్కురుమనలేదు. వీడ్కోలు రోజున ఊపిరి పీల్చుకున్న ఉత్సాహంలో రూబీయే మైకందుకుంది.

"రేపటి నుంచి సార్ నిజంగనే రారు!"

హాలంతా గొల్లున నవ్వింది. ఆయనా నవ్వారు.

కొన్నాళ్లకు సూపరింటెండెంట్ ఉదయలక్ష్మి గదిలో రూబీ మాటవరసకు అంది, "సార్ పోయినంక చెవులకు జర ఆరాం దొరికింది మేడమ్."

ఉదయలక్ష్మి నవ్వలేదు.

"ముందు వచ్చింది నీ పేరేనమ్మా. మీ అమ్మగారి సంగతి చెప్పి, నేను వెళ్తానని ఆయనే పట్టుబట్టారు. నీకు చెబితే రాజీనామా చేస్తానని నన్ను బెదిరించారు. ఇన్నాళ్లూ నోరు కట్టుకున్నాను. ఇక నా వల్ల కాదు."

రూబీకి హాలంతా నవ్విన నవ్వు చెవుల్లో మోగింది. అందులో ఆయన నవ్వు కూడా ఉంది. ఆ రోజు ఆయన పక్కన కాసేపు కూర్చుని ఒక్క మంచి మాట చెప్పినా బాగుండేది. ఇంటికెళ్లి తల్లికి చెప్పింది.

"ఒక్కపూటన్న ఇంటికి పిలిచి బువ్వ పెట్టకపోతిమి బిడ్డా," అంది సారమ్మ.

రూబీ ఫోన్ చేసింది.

"సార్, మేడమ్ అంతా చెప్పిండ్రు..."

"చెప్పేసిందా! చూడు, థాంక్స్ అన్నావంటే ఇప్పుడే రాజీనామా చేస్తా."

రూబీ ఆ మాట మింగేసింది.

"బువ్వ తిన్నరా సార్?"



"తిన్నాను. ఇక్కడి వంకాయ కూర మహాద్భుతంగా ఉందోయ్," అన్నారు గొంతు తగ్గించి. "ఎక్కడా అనకు. నా పరువు పోతుంది."