యోహాను గారు కూర్చున్న మగ్గం

మొన్న కొత్తవాడ సందులో నడుస్తుండగా ఒక ఇంటి లోపలినుండి పంజా దెబ్బలు వినవచ్చాయి. జంపఖానా నేసేవారు అడ్డనూలును దిగగొట్టే ఇనుపపళ్ల పనిముట్టు అది. ఆ మొద్దు చప్పుడుకు నా కాళ్లు ఆగిపోయాయి. గతించి ఇరవై ఏళ్లు దాటిన యోహాను గారు కన్నుల ముందు నిలిచారు.

ఆయన వరంగల్లులో మా కచేరీకి పెద్ద గుమాస్తా. నాకు పని నేర్పినవారు. నా చిత్తుప్రతిని ఎర్రసిరాతో నింపి, "మళ్ల రాయి నాయనా" అని మాత్రం అనేవారు. యాభై ఆరులో కొత్త రాష్ట్రం ఏర్పడిన రెండేళ్లకు ఆయన కొలువు దిగగా, పూలమాల వేసి సాగనంపాము. మర్నాడు సరిగ్గా పదింటికి గొడుగుతో వచ్చి నా బల్ల పక్కన కూర్చున్నారు. ఆ మర్నాడూ అంతే. భార్య లేదు, సంతానం లేదు. నెల గడిచాక అధికారి నన్ను పిలిచి, ఆ ముసలాయన రాకను మాన్పించమన్నాడు. అది నా పని కాదని చెప్పవచ్చును, చెప్పలేదు.

"సార్, ఇంట్ల జర ఆరాం చేయరాదుండ్రి. మీరిట్ల వచ్చుడు సాబుకు నచ్చుతలేదు" అన్నాను.

ఆయన కళ్లద్దాలు తుడుచుకొని, చేతిలో ఉన్న నా కాగితంలో తప్పు ఒకటి దిద్ది, లేచి వెళ్లిపోయారు. అప్పుడు నాకు కలిగినది దుఃఖం కాదు, ఊరట. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పి ఎరుగను.

ఆరు నెలల పిమ్మట జంపఖానా కొనడానికి మల్లయ్య అనే నేతగాని ఇంటికి పోతే, మగ్గం ముందు అతని సరసన యోహాను గారు కనబడ్డారు. వెడల్పు జంపఖానాకు ఇద్దరు పక్కపక్కన కూర్చొని సమంగా నేయాలి. మల్లయ్య తమ్ముడు షోలాపురం మిల్లుకు పోగా ఆ చోటు ఖాళీపడింది.

"సారూ, గంత గట్టిగ కొట్టకుండ్రి! మీ దిక్కు దిగుతాంది, నా దిక్కు ఎక్కుతాంది. దీనిమీద పండినోడు దొర్లుకుంట వచ్చి మీ ఒళ్లె పడ్తడు" అని మల్లయ్య నవ్వుతున్నాడు.

నా చిత్తులను ఎన్నింటినో తిప్పిపంపిన ఆ మనిషి, నాలుగు వేళ్ల మేర వంకరపోయిన నేతను పోగు పోగుగా విప్పసాగారు. తన దెబ్బ బలాన్ని పక్కవాని దెబ్బతో సరిచూసుకోవడం అంత వయసులో మొదలుపెట్టారు.

"మనసు కుదుటపడ్డదా సార్?" అని అడిగాను.

"ఏడ కుదుటపడ్తది? పదయితె కాళ్లు ఇంకా కచేరీ దిక్కే గుంజుతయి. ఈడ కూసున్నంక జర ఊకుంటయి. గంతే."

తప్పయిందని గొణిగాను. ఆయన పోగు విప్పుతూనే అన్నారు: "ఎవడో ఒకడు చెప్పవలసిందే నాయనా. కాని నువ్వు చెప్పకుంటె బాగుండె."

రెండు వానకాలాలు గడవకముందే జ్వరంతో పోయారు. నేత సగంలో ఉన్న జంపఖానాను మల్లయ్య ఒక్కడే అటు జరిగి, ఇటు జరిగి పూర్తి చేశాడట.

నేను కొలువు దిగి ఇప్పటికి మూడు నెలలు. కచేరీ గడప ఒక్కనాడూ తొక్కలేదు. ఎంత నిబ్బరమైన మనిషి అని తోటివారు మెచ్చుకుంటున్నారు. నిబ్బరం కాదది. నా దగ్గర పని నేర్చినవాడే నా ఎదుట నిలిచి, కళ్లు దించుకొని, ఆ మాట చెప్పవలసి వస్తుందేమోనన్న భయం.