పిట్టల కోసం వేసిన జొన్న

నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎవరూ ఏదీ విడమరిచి చెప్పేవారు కాదు. అందులో మా నానమ్మ మరీను. పని చెప్పడమే తప్ప ఎందుకో చెప్పదు. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్లు మండుతుంది.

జివతి గుట్టల్లో మాకు పత్తి, కంది చేలు ఉండేవి. ఒక ఏడు మా నాయన మందు కొట్టే పంపు తెచ్చాడు. కందికి మాత్రం మందు వద్దని నానమ్మ పట్టుబట్టింది. ఈ ఒక్క పంటకు నీ మాట, పురుగు పడితే వచ్చే ఏటి నుంచి నా మాట అన్నాడు నాయన. నానమ్మ కంది సాళ్ల మధ్య అక్కడక్కడ జొన్న వేసింది. ఎందుకో ఎవరికీ చెప్పలేదు.

దీపావళి సెలవుల్లో జొన్న పాలు పోసుకుంటుంటే, చేను చూస్తుండమని నన్ను పంపింది. జొన్న ఉన్న చేను చూడమంటే మా వైపు పిల్లలకు తెలిసింది పిట్టల్ని తోలడమే. వడిసెల పట్టుకుని వారం రోజులు గొంతు పోయేలా అరిచాను. అదేదో ఘనకార్యమని మురిసిపోయాను కూడా, నా మొహం.

ఎనిమిదో రోజు నానమ్మ వచ్చి కందికాయ విప్పి చూసింది. లోపల పచ్చపురుగు. ఏ కొమ్మ వంచినా అదే.

"పిట్టలేవే?" అంది.

"ఒక్కదాన్ని గూడ వాలనియ్యలే" అన్నాను గొప్పగా.

నానమ్మ నెత్తి పట్టుకుని కూలబడింది. "పిట్టల కోసమే గదనే జొన్న ఏసింది. కంకికని వస్తయి, కందిల పురుగులు ఏరుకొని తింటయి."

"నువ్వు చెప్పలే గద."

"నువ్వు అడిగినవా?"

మూడు రోజులు ఒకరి మీద ఒకరం సణుక్కుంటూనే, మొక్కల కింద పాత చీర పరిచి, కొమ్మలు దులిపి, రాలిన పురుగుల్ని కోళ్లకు వేశాం. సగం పంట దక్కింది.

నాయన వచ్చి తొలిచిన కాయలు చూశాడు. పంపు సంగతి ఎత్తాడు. నేను భయంతో నానమ్మ కొంగు చాటుకు చేరాను.

"జొన్న ఎందుకేసిననో పిల్లకు చెప్పకుండ కావలి పెట్టిన. తప్పు నాది" అంది నానమ్మ.

ఆమె నోట ఆ మాట మా నాయన పుట్టి బుద్ధెరిగి విని ఉండడు. చేతిలోని తొలిచిన కాయ అవతల పారేసి, వచ్చే ఏడు కూడా నీ మాటేలే అని వెళ్లిపోయాడు.

ఇప్పటికీ ఇంట్లో ఏదైనా చెడితే, తప్పు నాది అనాలంటే నాకు చచ్చేంత చిరాకు. అయినా విసుక్కుంటూనే అంటాను. కొంగు చాటున దాక్కుని ఆ మాట విన్నదాన్ని కదా, అనకుండా ఉండలేను.