ఊదుడు సారు నేర్పిన ప్రశ్న

ఊదుడు సారు పోయారు. పోయిన మంగళవారం పొద్దున వికారాబాద్‌లో, వాళ్ళింటి వరండాలో పేపరు చదువుతూ కుర్చీలోనే ఒరిగిపోయారు. గుండెపోటు. వాళ్ళ పెద్దమ్మాయి ఫోన్ చేసేసరికి నేను తాండూరు పోయే రైల్లో ఉన్నాను. "చెల్లే, నాయిన పోయిండే" అంది. ఎవరి నాయిన అన్నది నా బుర్రకు ఎక్కడానికి కాసేపు పట్టింది. ఊపిరితిత్తుల జబ్బున్నది మా నాన్నకు. ఇన్నేళ్ళూ ఫోన్ మోగినప్పుడల్లా నేను భయపడింది మా నాన్న గురించి. రోజూ రైలెక్కి వచ్చి, స్టేషన్ మెట్లన్నీ చకచకా దిగే ఈ మనిషి ముందు పోతారని ఎవరనుకున్నారు? ఎదురు సీటులో కూర్చున్నామె తన నీళ్ళ సీసా నా చేతిలో పెట్టింది.

సారుకు అమ్మానాన్నలు పెట్టిన మంచి పేరే ఉంది. కానీ తాండూరులో బండరాళ్ళు కోసే మిషన్ల దగ్గర ఆ పేరు చెబితే ఎవరికీ తెలియదు. ఊదుడు సారు అంటే మాత్రం చేతిలో పని ఆపి దారి చూపిస్తారు. మన ఊపిరితిత్తుల్లో ఎంత గాలి పడుతుంది, అది ఎంత వేగంగా బయటికి వస్తుంది అని కొలిచే పరీక్ష ఒకటుంది. స్పైరోమెట్రీ అంటారు. మనిషి ఒక గొట్టంలోకి ఊదితే మిషన్ గీత గీస్తుంది. ఛాతీ ఆసుపత్రిలో ఉద్యోగమంతా ఆయన చేసింది ఆ పరీక్షే. రిటైరై ఇంట్లో కూర్చునే లోపే హైదరాబాద్ నుంచి ఒక వైద్య కళాశాల డాక్టర్లు పరిశోధన పెట్టుకుని తాండూరు వచ్చారు. ఈ చుట్టుపక్కల నెలల తరబడి దగ్గేవాళ్ళలో టీబీ ఎవరిది, రాతిదుమ్ము వల్ల వచ్చే సిలికోసిస్ ఎవరిది, రెంటినీ తొందరగా వేరుచేసి సరైన వైద్యం ఎట్లా మొదలుపెట్టాలి అన్నది వాళ్ళ పరిశోధన. చెప్పినంత సులువు కాదు. రెంటిలోనూ దగ్గే, రెంటిలోనూ ఆయాసమే. ఎక్స్‌రేలో మచ్చలు కూడా ఒక్కోసారి ఒకే తీరుగా కనిపిస్తాయి. పరీక్ష చేయడానికి నమ్మకమైన చేయి కావాలని వాళ్ళు సారును వెతుక్కుంటూ వికారాబాద్ పోయారు.

నేను అదే పరిశోధనలో ఫీల్డ్ వర్కర్‌ని. మాది బొంరాస్‌పేట దగ్గరి పల్లె. ఇల్లిల్లూ తిరిగి దగ్గేవాళ్ళను కనుక్కుని, ఫారం నింపి, పరీక్షకు తీసుకురావడం నా పని. నాకు నోరు ఎక్కువ, సారుకు ఓపిక ఎక్కువ. అందుకే మొదటి రోజు నుంచీ మాకు బాగా కుదిరింది.

స్టేషన్ వెనక అద్దె గదిలో మా పరీక్షలు. వచ్చినవాళ్ళకు మిషన్ కన్నా సిగ్గు ఎక్కువ. పదిమంది ముందు మూతి ముందుకు చాపి ఊదడమంటే పెద్దమనుషులకు నామోషీ. అరకొరగా ఊదేసి "అయిపోయింది సారూ" అని లేచేవారు. అట్లా ఊదితే గీత తప్పు చెబుతుంది, మంచి ఊపిరి కూడా జబ్బు ఊపిరిలా కనిపిస్తుంది. నేను గబగబా ఫారం తీసి పేరు, ఊరు అని మొదలుపెడితే, సారు నా పెన్ను మీద చేయి పెట్టేవారు.

"పేరు తర్వాత రాయి బిడ్డా. ముందు మనిషిని కూసోబెట్టు."

కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, వానల సంగతి, కంది చేను సంగతి మాట్లాడి, అప్పుడు గొట్టం చేతికిచ్చేవారు. "అరచేతుల పల్లీలు నలిపి పొట్టు ఊదుతవు చూడు, గట్ల. పొట్టంత ఒక్కపారే ఎగిరిపోవాలె. ఎగిరినంక గూడ ఆపకు, ఊదుకుంటనే ఉండు." పల్లీల పొట్టు ఊదనివాళ్ళు మా దగ్గర ఎవరుంటారు? అందరికీ ఇట్టే అర్థమయ్యేది. కర్ణాటక వైపు నుంచి వచ్చిన కూలీలకు "జోరాగి ఊది" అనేవారు. పాతబజారు నుంచి వచ్చిన ముసలాయనకు "ఫూంకో భాయ్, ఔర్ ఫూంకో" అనేవారు. అంటూ అంటూ తానే మునివేళ్ళ మీద లేచి, బుగ్గలు పొంగించి, ముఖం ఎర్రగా చేసుకుని ఊదేవారు. "సార్, జర దూరం జరుగుండ్రి. మీ గాలి గూడ మిషన్ల పడుతది" అని నేను ఏడిపిస్తే, "పడితే పడనీ, నా లెక్క మంచిగనే ఉంటది" అని నవ్వేవారు. మిషన్‌ను నమ్మే ముందు మిషన్‌నే పరీక్షించాలన్నది ఆయన పద్ధతి. రోజూ పొద్దున గది తెరవగానే, కొలత తెలిసిన పెద్ద సిరంజితో మిషన్‌లోకి గాలి తోసి, లెక్క సరిగ్గా చూపిస్తేనే మొదటి మనిషిని పిలిచేవారు. ఒక్కనాడూ తప్పించలేదు.

ఇప్పుడు నా తప్పు సంగతి చెప్పాలి. దాచుకుంటే ఈ నివాళికి అర్థం లేదు.

మా ఫారంలో 'వృత్తి' అని ఒక గడి ఉండేది. "ఏం పని చేస్తరు?" అని అడిగేదాన్ని. "ఎవుసం" అనేవారు. రాసేసేదాన్ని. వరసగా అందరిదీ వ్యవసాయమే. మా నాన్న ఫారం అయితే అడగను కూడా అడగలేదు, ఇంట్లో కూర్చుని నేనే నింపేశాను. నాన్న అప్పటికే ఒకసారి టీబీ మందులు పూర్తిగా వాడాడు. దగ్గు తగ్గలేదు. బస్సు దిగి చేనుకు పోయేలోపు రెండుసార్లు గట్టు మీద కూర్చునేవాడు. బరువు తగ్గుతున్నాడు. మేము చూపించుకునే డాక్టరు మళ్ళీ మొదటి నుంచి టీబీ మందులు మొదలుపెడదామని చీటీ రాసిచ్చాడు. ఆదివారం ప్రార్థన అయ్యాక అమ్మ ఆ చీటీని బైబిల్లో పెట్టింది, సోమవారం మందులు తెచ్చుకుందామని. ఎట్లాగూ నేను పరిశోధనలోనే ఉన్నాను కదా, ఊపిరి పరీక్ష కూడా చేయిద్దామని ముందు నాన్నను తాండూరు తీసుకొచ్చాను.

నాన్న ఊదాడు. సారు మూడుసార్లు ఊదించారు. నాన్నను బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఫారం పట్టుకుని నన్ను పిలిచారు. వృత్తి గడి పక్కన పెన్సిలుతో చిన్న గుర్తు పెట్టి ఉంది.

"గిది ఎవలు రాసిండ్రు?"

"నేనే సార్. మా నాయినది నాకు తెల్వదా? మాకు ఎకరన్నర చేనుంది."

"ఉన్నది, నేను కాదన్నన? కూసో. మీ నాయినకు ఏడాది ఎట్ల గడుస్తదో నెల నెల చెప్పు. వానలు పడంగనే?"

"కంది విత్తుతడు."

"విత్తినంక?"

"కలుపుకు అమ్మ పోతది."

"నేను అమ్మను అడుగుతలేను బిడ్డా. నాయిన?"

అప్పుడు తట్టింది నాకు. కంది విత్తాక నాన్న తాండూరు పోతాడు. బండలు కోసే మిషన్ దగ్గరికి. కంది కోతకు నాలుగు రోజులు ఊరికి వస్తాడు, మళ్ళీ తాండూరే పోతాడు. నేను మూడో తరగతిలో ఉన్నప్పటి నుంచీ అంతే. నా ఫీజులు కట్టింది ఆ పనే, నా యూనిఫాం కొన్నది ఆ పనే. ఊరికి వచ్చినప్పుడల్లా నాన్న కనుబొమల మీది తెల్లటి దుమ్మును చెంగుతో తుడిచింది మా అమ్మ. అయినా మా ఇంట్లో ఎవరూ దాన్ని పని అనరు. బయటికెళ్ళి నాన్ననే అడిగాను, ఎందుకు చెప్పలేదని.

"గదేం పని బిడ్డా, గది కూలి" అన్నాడు నాన్న, నా మీదే విసుక్కుంటూ. "మనది ఎవుసం."

మా దగ్గర అందరూ అంతే. గుంటెడు భూమి ఉన్నా సరే, మనిషి రైతే. ఇరవై ఏళ్ళు రాతిదుమ్ములో ఉన్నా ఆ దుమ్ము ఏ కాగితం మీదికీ ఎక్కదు. కాగితం మీద లేనిది డాక్టరుకు తెలియదు. దగ్గే రైతును చూస్తే ఎవరికైనా ముందు టీబీయే గుర్తొస్తుంది, అందులో వాళ్ళ తప్పేమీ లేదు. తప్పంతా ఆ గడిలో ఉంది, ఆ గడి నింపింది నేను. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఫారం చించబోతే సారు లాక్కున్నారు.

"చింపకు. నేను ఛాతీ దవాఖానల ముప్పై ఏండ్లు గిట్లనే రాసిన. ఎవుసం, ఎవుసం, ఎవుసం. ఎంతమందికి రాసిన్నో నాకే తెల్వదు. రిటైరై గూడ నేను గీ రైలెందుకు ఎక్కుతున్న అనుకున్నవ్?"

ఆ మాట అంటున్నప్పుడు ఆయన నా వైపు చూడలేదు, మిషన్ గొట్టం తుడుస్తున్నారు. మళ్ళీ ఎప్పుడూ ఆ సంగతి ఎత్తలేదు. నేనూ అడగలేదు.

ఆ మధ్యాహ్నమే ఫారం, గీతల కాగితం తీసుకుని మా పెద్ద డాక్టరమ్మ గదికి పోయారు. నాన్నకు తెమడ పరీక్ష మళ్ళీ మళ్ళీ చేశారు, టీబీ క్రిములు కనబడలేదు. హైదరాబాద్‌లో స్కాన్ తీశారు. రాతిదుమ్మేనని తేలింది. బైబిల్లోని చీటీ అక్కడే ఉండిపోయింది. డాక్టరమ్మ ఉన్నదున్నట్టు చెప్పారు. పడిన మచ్చ పోదు, కానీ దుమ్ము మానేస్తే మిగిలిన ఊపిరిని కాపాడుకోవచ్చు, ఆయాసానికి పీల్చే మందు ఉంది, టీబీ రాకుండా కనిపెట్టుకుని ఉండాలి, ఆరు నెలలకోసారి ఊదాలి.

నాన్న మొండికేశాడు. బండల పని మానితే ఇల్లెట్లా గడుస్తుందని. నేను చెప్పాను, అమ్మ చెప్పింది, పాస్టరు గారు చెప్పారు, వినలేదు. సారు బెంచీ మీద పక్కన కూర్చుని గీతల కాగితం నాన్న తొడ మీద పరిచారు.

"చూడు తమ్మీ. గీడిదాంక నీది. గీ పైనదంత దుమ్ము తిన్నది, అది మళ్ల రాదు. ఉన్నకాడికి చాలు, మస్తు బతుకొచ్చు. దీన్ని గూడ తీస్కపోయి గాడనే పోస్తనంటే నీ ఇష్టం."

నాన్న ఆ కాగితాన్ని చాలాసేపు చూశాడు. వారం తర్వాత పరిగిలో విత్తనాల దుకాణంలో పనికి కుదిరాడు.

సారు అక్కడితో ఆగలేదు. తర్వాతి మీటింగులో, కోట్లు వేసుకున్న డాక్టర్ల మధ్య లేచి నిలబడి, వృత్తి గడి తీసేయమన్నారు. దాని బదులు పన్నెండు నెలలూ వరసగా అడగాలి, ఏ నెల ఎక్కడున్నావు, అంతకుముందు ఏడాది ఎక్కడున్నావు అని. అప్పటిదాకా నింపినవన్నీ మళ్ళీ నింపాలన్నారు. మా ఫీల్డ్ వాళ్ళంతా గొణిగారు. నేను మాత్రం అన్ని ఊళ్ళూ మళ్ళీ తిరిగాను, నాకు తప్పదు కదా. తిరిగి అడిగితే వ్యవసాయాల కింద నుంచి బండలు బయటపడ్డాయి. టీబీ అనుకున్న కొందరిది దుమ్మని తేలింది. దుమ్ము అనుకున్న ఒకామెకు నిజంగానే టీబీ ఉంటే, మందులు వాడి నయం చేసుకుంది. ఒక ప్రశ్న మారిస్తే వైద్యం మారుతుందని నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు, కళ్ళారా చూశాను.

పరిశోధన అచ్చయ్యాక సారుకు తెచ్చి చూపించాను. పైన డాక్టర్ల పేర్లు, చివర్లో కృతజ్ఞతల్లో ఒక మూల ఆయన పేరు. నాకు మండింది. "గింతేనా సార్?" అంటే, కళ్ళజోడు సర్దుకుని చదివి, "అరే, మన మిషన్ పేరు గూడ ఏసిండ్రు చూడు" అని సంబరపడ్డారు.

ఇప్పుడు ఆ గదిలో ఊదించేది నేను. సిరంజి పట్టడం, గీత చదవడం, ఒకే ఊపులో ఊదించడం, అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవే. బాగా చేస్తాను. ఈ మాట గొప్పకు చెప్పడం లేదు. ఆయన నేర్పాక బాగా చేయకుండా ఉండటం కుదరదు.

మంగళవారం మధ్యాహ్నం నాన్న, నేను వికారాబాద్ పోయాం. తాండూరు నుంచి బండల పనివాళ్ళు కూడా చాలామంది వచ్చారు, కొందరు పని బట్టల్లోనే. పాడె లేపే వేళకు నాన్న కండువా నడుముకు చుట్టుకుని ముందుకు నడిచాడు. నేను చేయి పట్టుకున్నాను.

"నాయినా, ఒద్దే. దమ్మొస్తది."

"నాకు ఎంత దమ్మున్నదో నాకు ఎరుకే. సారే సూపెట్టిండు" అని చేయి విడిపించుకున్నాడు.

సారు వాళ్ళది పరిగి దగ్గర పెద్ద భూములున్న రైతు కుటుంబం. ఇంటివాళ్ళు, పాలివాళ్ళు పాడె చుట్టూ ఉన్నారు. ఒకాయన "నువ్వెవలు?" అన్నట్టు చూశాడు. సారు పెద్దమ్మాయి ఏడుస్తూనే, "పట్టుకోనియ్యి బాబాయ్" అంది. ఆయన పక్కకు జరిగి చోటిచ్చాడు. నాన్న భుజం పెట్టాడు.

వాళ్ళ వీధి కాస్త ఎత్తుగా ఉంటుంది. నేను వెనకే నడిచాను. ఎవరి ముఖమూ చూడలేదు, డప్పుల మోత కూడా నాకు సరిగ్గా వినబడలేదు. నాన్న వీపునే చూస్తున్నాను. సగం దారిలో ఇంకొకరు వచ్చి భుజం మారుస్తానంటే నాన్న తల అడ్డంగా ఊపాడు. మలుపు దాకా మోశాడు. అక్కడ భుజం ఇచ్చేసి, గోడకు ఆనుకోకుండా, కూర్చోకుండా, దారి పక్కన నిలబడ్డాడు. పాడె ముందుకు సాగిపోయింది. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. దాని కింద ఊపిరి లేస్తూ, దిగుతూ, మళ్ళీ లేస్తూ ఉంది.