ఆయన బండి

ఆమె పేరు నేను అడగలేదు. అశ్వారావుపేటలో బస్సెక్కి నా పక్కన కూర్చుంది. ముప్పై ఏళ్లుంటాయి. పామాయిల్ తోటలు దాటుతుండగా రెండు బైకులు పోటీపడుతూ మా బస్సును రాసుకుంటూ పోయాయి.

"వీళ్లకు ప్రాణం మీద తీపి లేదా?" అన్నాను.

"మా ఆయన గట్ల రేసులల్లనే పోయిండక్కా," అందామె.

మిగతాది ఆమే చెప్పింది. రెండేళ్ల కిందట చెన్నై దగ్గర బైకు పందెంలో పడి చనిపోయాడట. ఇంట్లో తనూ పిల్లా ఉండగా అంత వేగంగా ఎలా పోగలిగాడో తెలుసుకోవాలని, ఆయన పాత బండి మీదే నడపడం నేర్చుకుందట. ఒక పొద్దున తోటల మధ్య ఖాళీ రోడ్డు మీద, అది పోగలిగినంత వేగంగా నడిపిందట.

"ఏం తెలిసిందమ్మా?"

ఆమె కిటికీలోంచి అడవిని చూసింది.

"గంత జోరుల నాకు ఆయన యాదికి రాలేదక్కా. పిల్ల సుత యాదికి రాలే. పానం మస్తు తేలికైంది. ఆయనకు గూడ గట్లనే ఉండెనేమో. అందుకే మళ్ల బండి ముట్టలే."

ములకలపల్లిలో దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. భద్రాచలం దాకా ఆ సీటు ఖాళీగానే ఉంది. అయినా నా సంచి అక్కడ పెట్టకుండా, ఒళ్లోనే ఉంచుకుని కూర్చున్నాను.